రెండో తూకం

నేను రాసినదానికి ఇంతవరకు ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. మా అక్క అత్తింటివాళ్ల వాట్సాప్ గ్రూపులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో, మా బావ చివరి రోజుల్లో ఎందుకు అంతగా చిక్కిపోయాడో ఓపికగా రాసి పెట్టాను. అందరూ చదివారు. చదివినట్టు నీలి గీతలు పడ్డాయి. నా రాత కింద మొదట వచ్చి పడింది ఒక గులాబీ పువ్వు, దాని మీద శుభోదయం. పంపినాయన మా బావకు సొంత అన్న, నాకు పెద్దబావ. ఆ తర్వాత ఎవరో పెళ్లి పత్రిక పెట్టారు. ఇంకెవరో బావిలో పాము దొరికిన వీడియో పెట్టారు. నేను మళ్లీ రాశాను. మళ్లీ గులాబీ. ఫోన్ చేస్తే, "బస్సుల ఉన్న బామ్మర్దీ, ఏం వినవడ్తలేదు, దిగినంక చేస్త" అన్నాడు. ఆ బస్సు ఇంకా ఎక్కడా ఆగినట్టు లేదు.

నేను దేన్నీ మరచిపోయే మనిషిని కాను. అక్క పెళ్లినాడు మగపెళ్లివారి జీపులో జాగా ఉండి కూడా మమ్మల్ని వెనక ట్రాక్టరులో ఎక్కించిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. అయినా ఈ ఒక్క విషయంలో, పోయినవాడు ఎలాగూ పోయాడు, ఊరుకుందామనే అనుకున్నాను. మొన్న భువనగిరిలో జరిగిన పెళ్లి ఊరుకోనివ్వలేదు.

పెళ్లి పెద్దబావ వైపు చుట్టాలది. రెండో బంతికి వడ్డించేవాళ్లు తక్కువయ్యారు. ఎవరూ చెప్పకముందే అక్క కొంగు నడుముకు చెక్కి పప్పు బకెట్టు అందుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు అది అలవాటు. ఎక్కడ బంతి కూర్చున్నా ఆమె చేయి ఊరికే ఉండదు. నాలుగు విస్తళ్లు దాటిందో లేదో, వరస చివర కూర్చున్న పెద్దబావ గొంతు వినిపించింది.

"ఆ పిల్ల చేతికెందుకిచ్చిన్రు? ఇంకెవలకన్న ఇయ్యిన్రి."

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. ఉప్పు ఇటు అందించండి అన్నట్టు అన్నాడు. అక్క బకెట్టు అక్కడే నేల మీద పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని, పోయి వెనక వరస కుర్చీల్లో కూర్చుంది. పెద్దబావ భార్య ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆ తల ఎందుకు దించుకుందో తర్వాత చెబుతాను.

తిరుగు బస్సులో నల్లగొండ దగ్గరపడుతుండగా అక్క అరచేయి తెరిచి చూసుకుంటూ అడిగింది.

"తమ్మీ, నా చేతుల నిజంగనే ఏమన్న ఉన్నదంటవా?"

లేదు అని ఒక్క మాటలో చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆమెకు కావలసిన జవాబు నా దగ్గర లేదు, పెద్దబావ దగ్గర ఉంది. ఆయన ఎలాగూ చెప్పడం లేదు కాబట్టి, మా బావ ఎలాంటి మనిషో, ఎలా కరిగిపోయాడో నేనే రాస్తున్నాను.

మా బావ లోకాన్ని చీరల్లో తూచేవాడు. ఆయన గుంట మగ్గం మీద పట్టు చీరలు నేసేవాడు. ఏళ్ల తరబడి మడతపెట్టిన చీరను అరచేతిలో పెట్టుకుని చూసి చూసి, ఆ బరువు ఆయన చేతికి పట్టుబడిపోయింది. ఇక ఏది దొరికినా దానితోనే కొలిచేవాడు. అంగట్లో సొరకాయ ఎత్తి, "రెండు చీరలు. జాకెట్ ముక్క తక్కువ" అనేవాడు. అమ్మే ఆమె నవ్వుతూ కాంటా వేసి చూసి, "నీ నోరు వడ, సరిగ్గ చెప్పినవ్" అనేది. మా వాడు పుట్టినప్పుడు దవాఖానలో నర్సు చేతుల్లోంచి తీసుకుని, కళ్లు మూసుకుని, "ఐదు చీరలు, కొంగుతోని సహా" అన్నాడు. నర్సుకు ఏమీ అర్థం కాలేదు. పండుగలకు పిల్లలు వచ్చి ఆయన ముందు వరసగా నిలబడేవారు. ఒక్కొక్కరినీ చంకల కింద పట్టి లేపి, పోయినసారి కన్నా ఎన్ని చీరలు పెరిగారో చెప్పేవాడు. పెరగనివాడు ఏడుపు మొహం పెడితే, "ఏడ్వకు బిడ్డా, నీది పడుగుపోగు. సన్నగుంటది గని తెగది" అనేవాడు. నన్ను కూడా వదల్లేదు. కట్టంగూరు బడిలో సోషల్ సారుగా ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పోతే, నన్ను నడుము పట్టి నేల మీంచి లేపి కిందికి దించి, "సారూ, ఉద్యోగమైతె వచ్చింది గని మనిషే ఇంక రాలె" అన్నాడు. ఆ మాట అప్పుడు మనసుకు గుచ్చుకుంది. ఇప్పుడు ఎవరైనా అలా లేపి అంటే బాగుండుననిపిస్తుంది.

తనను తాను మాత్రం తూచనిచ్చేవాడు కాదు. పొట్ట మీద చేయి వేసుకుని, "గీ బీరువా ఏ కాంటకు అందుతది?" అని నవ్వేవాడు. తిండి దగ్గర పెద్ద చేయి. జొన్నరొట్టెను నాలుగు మడతలు పెట్టి, ఉల్లిగడ్డ అరచేత్తో గుద్ది, తలకాయ కూరలో ముంచుకుని తింటుంటే చూసేవాళ్లకు ఆకలి వేసేది. తిన్నాక ప్రతిసారీ అదే మాట: "చెయ్యి మంచిదే, ఉప్పే జర తక్కువ." ఉప్పు సరిపోయిన రోజు కూడా అంతే. అక్క గరిటె చూపించేది.

ఆయనకు ఇంకొక మాట ఉండేది: తరుగు లేని పని లేదు. జుట్టు ఊడినా తరుగే, వాన ఎగ్గొట్టినా తరుగే, మేనల్లుడు మొహం చూపించకుండా పోయినా తరుగే. అది మగ్గం మాట. ముడి పట్టును సబ్బు నీళ్లలో ఉడకబెడితే దాని మీది జిగురు కరిగిపోతుంది. పోగు మెత్తబడుతుంది, మెరుపు వస్తుంది, బరువు తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని తరుగు అంటారు. దానికి ఎవరినీ దొంగ అనరు. ఉడికించిన తర్వాత నూలు జోకి ఇచ్చి, చీర వచ్చాక చీర జోకి తీసుకున్నప్పుడు తేడా వస్తే మాత్రం ఊరుకోరు. నేసిన ఇంట్లో పట్టు ఎక్కడో దాగిందని లెక్క. ఆ తూచే పని, మా మాటల్లో జోకే పని, పెద్దబావది. గుట్ట కింద ఆయన ఇంటి రేకుల షెడ్డులో పెద్ద కాంటా ఉంది. చుట్టుపక్కల మగ్గాలకు నూలు అక్కడి నుంచే పోతుంది, చీరలు అక్కడికే వస్తాయి. ఆయన కాంటా దగ్గర ఒక పోగు మోసం జరగదని అందరూ అంటారు. నేనూ అంటాను. అందుకే ఈ గొడవ.

కొత్త జిల్లాలు అయిన తర్వాత ఒక వానాకాలం బావకు దగ్గు పట్టుకుని వదల్లేదు. హైదరాబాద్ దవాఖానలో ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. మందులు మొదలుపెట్టారు. గొంతుకు ఏమీ కాలేదు, కడుపుకు ఏమీ కాలేదు, మింగగలడు. అందుకే మాకెవరికీ అర్థం కాలేదు. మొదట్లో తింటూనే ఉన్నాడు. తింటూనే తగ్గాడు.

మొదట తెలిసింది మొలతాడుకు. జారుతోందని ఒక ముడి వేసుకున్నాడు. కొన్నాళ్లకు ముడి మీద ముడి. మగ్గం పలక మీద కూర్చుంటే తుంటి ఎముకలు ఒత్తుకుంటున్నాయని అక్క బొంత మడిచి వేసింది. తర్వాత ఆ బొంత మీద ఇంకొక బొంత. కణతలు లోపలికి పోయాయి. గడియారం మణికట్టు మీంచి మోచేతి దాకా జారేది. చూడటానికి పోయినప్పుడల్లా ఎక్కడ తగ్గాడోనని నా కళ్లు వెతికేవి. అది ఆయన కనిపెట్టేవాడు. ఒకరోజు కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి పట్టుకుని, తూచినట్టు పైకీ కిందికీ ఆడించి, "గిది కొంగంత గూడ లేదు సారూ" అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

తర్వాత ఆకలి పోయింది. వాసన పడటం లేదనేవాడు. రెండు ముద్దలకే కడుపు నిండిందనేవాడు. అక్క పొద్దున లేచింది మొదలు పొయ్యి దగ్గరే. గుడ్లు, పాలు, బొక్కల చారు, రాగి జావ, ఎవరు ఏది చెబితే అది. పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చుని బతిమాలేది.

"ఒక్క బుక్క. నా మీద ఒట్టు, గీ ఒక్కటే."

"నీ మీద ఒట్లన్నీ కడుపుల వడ్డయి. ఇంక జాగ లేదు."

ఆమె మొహం చూడలేక ఒక్కోసారి తినేవాడు. తిని, మగ్గం గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుని వాంతి చేసుకునేవాడు. ఆమెకు తెలియదనుకునేవాడు. ఆమె తర్వాత పోయి నీళ్లు పోసి కడిగి, తెలియనట్టే ఉండేది.

వాడకట్టు ఆడవాళ్లు పలకరించడానికి వచ్చి వంటింట్లోకి తొంగి చూసేవారు. గిన్నెల మూతలు తీసేవారు. "ఏం వండినవ్ పిల్లా?" అని అడిగే తీరులోనే అనుమానం ఉండేది. అప్పుడు అక్క ఒక పని మొదలుపెట్టింది. ఆయనకు అన్నం లోపల పెట్టడం మానేసి, బయట అరుగు మీద, వీధిలో పోయేవాళ్లందరికీ కనిపించేలా పెట్టింది. పెరుగు పోసేటప్పుడు గిన్నె పైకెత్తి పోసేది. బావకు నలుగురిలో తినలేకపోవడం సిగ్గు. అయినా ఆమె కోసం వచ్చి కూర్చునేవాడు. చూసేవాళ్లకు పళ్లెం కనిపించేది, మనిషి తగ్గడం కనిపించేది, ఆ రెండింటికీ నడుమ అక్క కనిపించేది.

పెద్దబావ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. తమ్ముణ్ని చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అబద్ధమని నేను అనను. కాసేపటికి అక్క వైపు తిరిగి అన్నాడు.

"నూలు జోకి ఇస్తం. చీర జోకి తీస్కుంటం. నడుమ తక్కువొస్తే యాడనో వోయినట్టే గద పిల్లా?"

అక్కకు మొదట అర్థం కాలేదు. బావకు వెంటనే అర్థమైంది.

"తరుగుంటది గదనే అన్నా."

"గింత తరుగా? పోగు మెత్తవడ్తె గంజి వెడ్తం, నిలవడ్తది. మనిషి గూడ అంతే. కడుపుకు వెడ్తె నిలవడ్తడు."

నేను అడ్డుపడ్డాను. "జబ్బు వల్ల పెద్దబావా. తింటుంటె నేనే చూసిన."

"సోషల్ సారువు, నీకు డాక్టర్ ముచ్చట్లెందుకు? పటం జూపియ్యి పోయి" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

దసరాకు పది రోజుల ముందు వచ్చే ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆటో తీసుకుని మళ్లీ వచ్చాడు. తమ్ముణ్ని తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. "మీ ఒదినె వండుతది. నేను కూసొని తినవెడ్త. దసరకు జోకుదాం, ఎవలి చెయ్యి ఏందో తెలుస్తది." అక్క బావ బట్టలు సంచిలో సర్ది, ఆయనకు ఏది పడుతుందో ఏది పడదో చెప్పబోయి, ఎవరూ వినేలా లేరని ఆగిపోయింది. బావను ఆటో ఎక్కించి దించడానికి నేను వెంట పోయాను. షెడ్డులో కాంటా మీద ఆయన్ను నిలబెట్టారు. నూలు కట్టలు పెట్టే చోట మనిషి నిలబడ్డాడు, ఒక చేత్తో స్తంభం పట్టుకుని. పెద్దబావ అంకెను గట్టిగా చదివాడు. అవతల కండెలు చుడుతున్న ఆడవాళ్లకు కూడా వినపడేలా చదివాడు. ఆ అంకె నాకు గుర్తే. ఇక్కడ రాయను.

దసరా మర్నాడు బావను తీసుకురావడానికి నేనే పోయాను. ఈసారి పెద్దబావ బయటికి రాలేదు. లోపల స్నానం చేస్తున్నాడన్నారు. నీళ్ల చప్పుడేమీ లేదు. పెద్దబావ భార్య బావను చేయి పట్టి ఆటో దాకా తెచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. షెడ్డు తలుపు తెరిచే ఉంది. కాంటాకు ముందు రోజు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఇంకా చెదరలేదు. ఆటో కదిలాక బావ జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు.

"జోకిన్రా?" అని అడిగాను.

"జోకిన్రు. పండుగ పొద్దున కాంటకు బొట్లు వెట్టి, మొక్కి, నన్ను నిలవెట్టిండు."

"ఎంతున్నవ్?"

"అన్న లోపల్నే సదువుకున్నడు."

"పైకి చెప్పలేదా?"

"లే. మల్లొక్కపారి నిలవడుమన్నడు. నిలవడ్డ. మల్ల చూసిండు. మాపటికి జమ్మి చేతిల వెట్టి అలయ్ బలయ్ తీసుకున్నడు. వదిలిపెట్టలే శానసేపు."

"మరి తగ్గినవని నీకెట్ల తెలుసు?"

"నా బరువు నాకు తెల్వదా సారూ? రెండు చీరలు తక్కువొచ్చిన. కొంగులతోని సహా." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆటో ఆపించాను.

"ఇప్పుడె పోయి అందరి ముందట అడుగుదాం. మీ ఇంట్ల గూడ తగ్గిండు గద, ఇప్పుడేమంటవ్ అని" అన్నాను.

బావ నా మోకాలి మీద చేయి వేశాడు. ఆ చేతికి బరువే లేదు.

"ఒద్దు. ఒదినె పాపం పొయ్యి కాడ్నే కూసున్నది. మాంసం మెత్తగ ఉడికిచ్చి, నమిలే పని లేకుంట పెట్టింది. ఇప్పుడు నువ్వడిగితే గా మాట మీ అక్క మీదికెల్లి లేచి ఒదినె మీద వడ్తది. ఇద్దరాడోళ్లు అవసరమా నాకొక్కనికి? తరుగు కింద రాయి."

"మరి అక్క గతి?"

"మా అన్న చెప్తడు. జర టైం వడ్తది, గని చెప్తడు. ఆయన కాంట మీద అబద్ధమాడేటోడు కాడు."

అక్క అరుగు మీదే ఎదురుచూస్తోంది. ఆయన్ను దించుకుంటూ ఎగాదిగా చూసింది. ఆ రోజు ఆమె పెట్టిన గంజి నాలుగు చెంచాలు తాగి, "చెయ్యి మంచిదే, ఉప్పే జర తక్కువ" అన్నాడు.

ఎండలు ముదరకముందే పోయాడు. పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ని. భుజానికి ఏమీ తెలియలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

దినాలనాడు పెద్దబావ చెబుతాడని నేను ఎదురుచూశాను. చెప్పాడు. పలకరించడానికి వచ్చిన ఒక ముసలాయనతో, అక్క అన్నం గంప పట్టుకుని పక్కనే ఉండగా అన్నాడు: "కడుపునిండ వెట్టేటోళ్లుంటె ఇంకిన్ని దినాలు ఉంటుండె." అక్క గంప దించలేదు. చివరి బంతి దాకా వడ్డించి, తాను తినకుండా పడుకుంది.

అప్పటి నుంచి ఆమె నలుగురిలో తినడం మానేసింది. నల్లగొండలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. వాడు పని నుంచి రాగానే మణికట్టు పట్టుకుని చూస్తుంది. చొక్కా కాలర్ వదులైందంటుంది. "అమ్మా, అంగీ పెద్దది కొన్న. నేను మంచిగనే ఉన్న" అని వాడు విసుక్కుంటాడు. వాడు కొంచెం మిగిల్చి లేస్తే ఆమెకు ఆ రోజు నిద్ర లేదు. వాడికి చిన్న జ్వరం వచ్చినా, చుట్టాలు మళ్లీ ఏమంటారోనన్న భయం జ్వరం కన్నా ముందు వస్తుంది. ఆ భయం నాకూ అంటుకుంది. బెల్టు ఒక రంధ్రం లోపలికి పెట్టుకోవలసి వస్తే, మందుల దుకాణం ముందున్న మిషను ఎక్కుతాను, అంకె చూడకుండా దిగుతాను.

బావ బతికి ఉండగానే నేను పెద్ద డాక్టరును అడిగాను. "తింటున్నడు సార్, అయినా తగ్గుతున్నడు, ఎందుకు?" ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "ఈ జబ్బులో అంతే" అన్నాడు. నేను కదలకుండా నిలబడితే వాకిట్లోని మనిషి ఇంకొకరి పేరు పిలిచాడు. దినాల తర్వాత మళ్లీ పోయాను. గేటు దగ్గర ఆపారు.

"పేషెంటేడి?"

"లేడు. చనిపోయిండు."

"మరెందుకొచ్చినవ్?"

"ఒక మాట అడగాలె."

ఆ రోజు పంపించేశారు. మళ్లీ పోయాను, మళ్లీ పంపించారు. నేను అలా పోతూనే ఉంటానని అక్కడివాళ్లకు అర్థమైన తర్వాత, ఒకరోజు మెట్ల పక్కన టిఫిన్ డబ్బా తెరుచుకున్న ఒక చిన్న డాక్టరమ్మ నన్ను పిలిచింది. చెప్పిందంతా విని, నేను అనుకోని ప్రశ్న అడిగింది.

"ఇంట్లో వండిపెట్టేది ఎవరు?"

"మా అక్క."

"ఆమెను ఏమైనా అన్నారా?"

అన్నారన్నట్టు తల ఊపాను. ఆమె డబ్బా మూత పెట్టేసింది. "చాలా ఇళ్లలో అంటారు. కూర్చోండి" అంది.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంతవరకు ఇది. తిండి దొరకని మనిషి ఒళ్లు పొదుపు నేర్చుకుంటుంది. ఖర్చు తగ్గించుకుంటుంది, కొవ్వును నిదానంగా వాడుకుంటుంది, కండను వీలైనంత కాపాడుకుంటుంది. తిండి దొరికితే మళ్లీ తేరుకుంటుంది. ఈ జబ్బులో ఆ పొదుపే తప్పిపోతుంది. గడ్డ నుంచీ, ఆ గడ్డను ఎదుర్కొనే మన సొంత రక్షణ కణాల నుంచీ కొన్ని రసాయనాలు రక్తంలోకి వస్తాయి. మెదడులో ఆకలి పుట్టే చోటికి పోయి అవి ఆకలిని అణచివేస్తాయి. అందుకే అన్నం ఎదురుగా ఉన్నా సహించదు. అవే కండ దగ్గరికి పోయి, కట్టడం తగ్గించి విప్పడం పెంచమంటాయి. ఒంట్లో కండ రోజూ కొంత విడిపోతూ, కొంత కట్టుకుంటూ ఉంటుందట. నేత కుటుంబంలో పుట్టిన నాకు ఆ మాట వెంటనే దిగింది: మగ్గం మీద నేసేది తగ్గింది, చివర నుంచి పోగులు ఊడేది ఎక్కువైంది. కొవ్వు కూడా కరుగుతుంది. ఇది చాలక, గడ్డ తనకు కావలసిన చక్కెరను విపరీతంగా లాక్కుని, దాన్ని పూర్తిగా వాడుకోకుండా మిగిలినదాన్ని రక్తంలోకి వదిలేస్తుంది. కాలేయం దాన్ని మళ్లీ చక్కెరగా చేస్తుంది. ఆ పనికి ఒంటి శక్తే ఖర్చవుతుంది. చేసిన చక్కెరను గడ్డ మళ్లీ లాక్కుంటుంది. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి లోపల ఆగకుండా పని నడుస్తూనే ఉంటుంది.

"అయితే పెట్టిన తిండంతా వృథానా డాక్టరమ్మా?"

"కాదు. పెట్టాలి, ఆయనకు సహించినంత. అది కొంత ఆసరా. కానీ జబ్బు ముదిరాక ఒక్క తిండితో ఆ బరువును వెనక్కి తేలేం. ఎవరు వండినా తేలేరు. మీ అక్కకు ఈ చివరి మాట చెప్పండి."

చెప్పాను. అక్క శ్రద్ధగా విన్నది. విని, "గీ ముచ్చట వాళ్లకు తెలవాలె గద తమ్మీ, నాకెందుకు?" అంది. అందుకే, పెళ్లి నుంచి వచ్చాక, గ్రూపులో రాశాను. అందుకే గులాబీలు వచ్చాయి.

పెద్దబావా, ఇక మీతోనే మాట్లాడుతున్నాను. పట్టు ఉడికితే తరుగు పోతుందని మీకు తెలుసు. పొయ్యి కింద మంట ఎంత ఉంటే తరుగు అంత అని కూడా తెలుసు. మీ తమ్ముడి ఒంట్లోనే ఆ మంట ఉంది. ఉడుకుతున్నదాన్ని జోకి, నేసే మనిషిని దొంగ అన్నారు. అది తెలియక చేశారనుకుంటాను. దసరా పొద్దున మీకు తెలిసింది. ఆయన్ను రెండుసార్లు నిలబెట్టి చూశారంటే, మీ కళ్లను మీరే నమ్మలేదన్నమాట. ఆ తర్వాత ఆయన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదట. మీరు భయపడ్డారని నాకు తెలుసు. అందరం భయపడ్డాం. కానీ మీ భయాన్ని మా అక్క చేతి మీద పెట్టి మీరు తేలికయ్యారు.

మీ ఇంటావిడ వంటను నేను తప్పు పట్టను. ఆమె పొయ్యి దగ్గర ఎంత కష్టపడిందో మీ తమ్ముడే చెప్పాడు. ఆమె మంచిగా పెట్టిందన్నదే నా సాక్ష్యం. ఆమెకు ఆ సంగతి తెలుసు, అందుకే పెళ్లిలో నీళ్లు తెచ్చి ఇచ్చింది, తల దించుకుంది. ఆమె ఆ మాట నోటితో అనలేదు, మీరున్నారు కాబట్టి. మీ తమ్ముడు కూడా అనలేదు, మీరే చెబుతారని నమ్మి పోయాడు.

నాకు క్షమాపణ అక్కర్లేదు. ట్రాక్టరు సంగతి, పటం సంగతి నేను చూసుకుంటాను. అడిగేది ఒక్కటే. మొదటి తూకం వాడకట్టంతా వినేలా చదివారు. పసుపు కుంకుమ పెట్టి మొక్కిన అదే కాంటా మీద, మీ ఇంటి తిండి తిన్న మీ తమ్ముడు నిలబడ్డప్పుడు రెండోసారి ఎంత చూపింది? గులాబీ పంపకండి. బస్సులో ఉన్నానని అనకండి. ఈసారి కూడా గట్టిగా చదవండి, మా అక్కకు వినపడేలా.